ఎంబీబీఎస్ విద్యార్థులకు అబార్షన్ కేర్ నేర్పడం ఎలా?

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్లు ఏటా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడం, ఎంటీపీ (చట్టప్రకారం గర్భం తొలగించడం) టాపిక్ నాకిచ్చారు. ఒక్క గంట క్లాసు. ఏం చెప్పమంటారు?"

నేనూ మొదట్లో ఆ గంటలో చట్టం సెక్షన్లు స్లైడ్ల మీద చదివేసి వచ్చేదాన్ని. పరీక్షలో పిల్లలందరూ చట్టం వచ్చిన 1971, 20 వారాలు, 24 వారాల గడువులు చక్కగా రాసేవాళ్ళు. ఆ బ్యాచ్‌లోనే ఒకరు హౌస్ సర్జన్ అయ్యాక, ఓపీకి ఒంటరిగా వచ్చిన ఒకామెను "మీ ఆయన్ని తీసుకురండి, సంతకం కావాలి" అని పంపేశారు. ఆమె మళ్ళీ వచ్చేసరికి నాలుగు వారాలు దాటిపోయాయి. మాత్రలతో అయిపోవాల్సింది థియేటర్ దాకా వెళ్ళింది. ఆ తప్పు హౌస్ సర్జన్‌ది కాదు, క్లాసు చెప్పిన నాది. చట్టం చెప్పాను గానీ ఆ పిల్లలకు మాట నేర్పలేదు, చేతిపని నేర్పలేదు.

ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) సిలబస్ ఈ విషయంలో మన పక్షానే ఉంది. గైనిక్ సిలబస్‌లోని ఓజీ 20లో మూడు అంశాలున్నాయి. 20.1 చట్టం, కారణాలు, పద్ధతులు, కాంప్లికేషన్లు. 20.3 పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించేది). మధ్యలో ఉన్న 20.2 మాత్రం లెక్చర్‌తో తీరేది కాదు. సిమ్యులేషన్‌లో విద్యార్థి స్వయంగా సమ్మతి తీసుకుని చూపించాలి. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గర అదనంగా సమయం అడిగేటప్పుడు ఈ 20.2నే చూపించండి. నాకు ప్రతిసారీ పనిచేసింది.

కావలసినవి

- గైనిక్ పోస్టింగ్‌లో రెండేసి గంటల సెషన్లు మూడు. బ్యాచ్‌కు 10–12 మంది మించకూడదు.
- ఖాళీ ఫారాలు: ఫారం సీ (సమ్మతి, తెలుగులో ఉన్నది), ఫారం 1 (డాక్టర్ అభిప్రాయం), ఫారం 3 (అడ్మిషన్ రిజిస్టర్) పేజీ ఒకటి.
- ఎంవీఏ (చేత్తో వాక్యూమ్ చేసి గర్భసంచిని ఖాళీ చేసే పద్ధతి) సిరంజిలు ఇద్దరికి ఒకటి, వేర్వేరు సైజుల కాన్యులాలు (లోపలికి పెట్టే గొట్టాలు), వల్సెల్లం (గర్భసంచి ముఖద్వారాన్ని పట్టే పరికరం), డైలేటర్లు (దాన్ని వెడల్పు చేసే కడ్డీలు), 10 మి.లీ. సిరంజిలు, గ్లవ్స్.
- బొప్పాయి కాయలు ఇద్దరికి ఒకటి, పైన రెండు అదనంగా. ట్రేలు, పాత పేపర్లు.
- పేషెంట్‌గా నటించడానికి ఇద్దరు. పీజీలు, స్టాఫ్ నర్సులు, మెడికల్ సోషల్ వర్కర్ ఎవరైనా సరే. అసలు పేషెంట్లు వద్దు.
- కేంద్ర ఆరోగ్య శాఖ అబార్షన్ కేర్ మార్గదర్శకాలు, డబ్ల్యూహెచ్‌ఓ 2022 మార్గదర్శకం, ఒక్కో కాపీ.

జాగ్రత్త: బొప్పాయి మీద వాడిన పరికరాలు మళ్ళీ పేషెంట్ల సెట్‌లో కలవకూడదు. వాటికి ఎర్ర టేపు చుట్టి, విడిగా స్కిల్స్ ల్యాబ్ అల్మరాలో పెట్టండి. థియేటర్ సిస్టర్‌కు ముందే చెప్పండి. ఆమె సహకారం లేకుండా ఈ పని ఒక్క అడుగు కదలదు.

1. చీటీలతో మొదలుపెట్టండి

మొదటి అరగంట మీరేమీ చెప్పకండి. ఒక కాగితం మీద ఇలాంటి వాక్యాలు ఐదారు ఇచ్చి, ఒప్పుకుంటారా లేదా అని పేరు లేకుండా రాయమనండి. "పెళ్ళికాని అమ్మాయి వస్తే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి." "రెండోసారి అబార్షన్‌కు వచ్చినామెకు లూప్ వేసుకుంటేనే చెయ్యాలి." "ఒకసారి కడుపు తీయించుకుంటే ఇక పిల్లలు పుట్టరు." చీటీలు కలిపేసి, ఒకరి చీటీ ఇంకొకరి చేత చదివించండి.

ఇక్కడ వాదనకు దిగకండి. ఎవరు ఏమనుకుంటున్నారో గదిలో అందరికీ తెలిస్తే చాలు. కొందరు విద్యార్థులు మతపరంగానో, వ్యక్తిగతంగానో ఇబ్బంది పడతారు. వాళ్ళను చిన్నబుచ్చొద్దు, బలవంతమూ పెట్టొద్దు. ఒక్కటి మాత్రం స్పష్టంగా చెప్పండి: వచ్చినామెకు సరైన సమాచారం ఇవ్వడం, ఆలస్యం చెయ్యకుండా చేసేవాళ్ళ దగ్గరకు పంపడం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చికిత్స చెయ్యడం ప్రతి డాక్టర్ పని. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.

2. చట్టాన్ని ఒక్క పేజీలో ఇవ్వండి, కేసులతో చెప్పించండి

ఆ పేజీలో ఉండాల్సినవి ఇవి. 20 వారాల వరకు ఒక రిజిస్టర్డ్ డాక్టర్ అభిప్రాయం. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరిది, అదీ నిబంధనల్లో చెప్పిన వర్గాలకు: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్ళు లేదా విడాకులైనవాళ్ళు, తీవ్ర వైకల్యం లేదా మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళు, పిండంలో లోపాలున్న కేసులు, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్ళు. 24 దాటాక పిండంలో తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు. ప్రాణం కాపాడడానికి వెంటనే చెయ్యాల్సి వస్తే వారాల లెక్క లేదు.

2021 సవరణలో "పెళ్ళయిన స్త్రీ, ఆమె భర్త" అన్నచోట "స్త్రీ, ఆమె భాగస్వామి" అన్న మాట వచ్చింది. అంటే, గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వస్తే పెళ్ళికాని ఆమెకూ అదే కారణం వర్తిస్తుంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, 20–24 వారాల వర్గాల్లోనూ పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు అన్న తేడా చూపకూడదని చెప్పింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం కింద చూడవచ్చని అదే తీర్పులో ఉంది.

సమ్మతి విషయం పెద్ద అక్షరాల్లో రాయండి: 18 నిండినామె సంతకం ఒక్కటే చాలు. భర్త, అత్త, తండ్రి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మైనర్ అయినా, మానసిక అనారోగ్యం ఉన్నామె అయినా గార్డియన్ సంతకం. గార్డియన్ అంటే తల్లో తండ్రో కానక్కర్లేదు, ఆమె బాగోగులు చూస్తున్నవాళ్ళు.

దీన్ని చదివి వినిపించకండి. పేజీ చేతికిచ్చి, ఆరు చిన్న కేసులిచ్చి, "ఎవరి అభిప్రాయం కావాలి, ఎవరి సంతకం కావాలి, ఏ ఫారం?" అని మూడు ప్రశ్నలే అడగండి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఎంటీపీ, పీసీపీఎన్‌డీటీ రెంటినీ కలిపేయడం. ఆస్పత్రి గోడల మీద "భ్రూణహత్య నేరం" అన్న పోస్టర్లు చూసి చూసి, అబార్షన్ అంటేనే నేరమని పిల్లల మనసులో పడిపోతుంది. నేరం లింగ నిర్ధారణ, ఆడపిల్ల అని తెలుసుకుని తీయించడం. ఇద్దరు ఆడపిల్లలున్న ప్రతి తల్లినీ అనుమానంగా చూడమని ఆ చట్టం చెప్పలేదు.

3. ఆమె మాటల్లో వినడం నేర్పండి

ఇది పదిహేను నిమిషాల పనే. "అమెనోరియా (నెలసరి రాకపోవడం) ఎన్ని వారాలు" అని మన పిల్లలు రాస్తారు, కానీ పేషెంట్ "నెల తప్పింది", "బయట చేరలేదు" అంటుంది. "కడుపు పోయింది" అంటే దానంతటదే పోయింది. "తీయించుకున్నాను" అంటే చేయించుకున్నది. "కడిగించుకున్నాను" అంటే రెంటిలో ఏదైనా కావచ్చు, అడిగి తెలుసుకోవాలి. "మందుల షాపులో మాత్ర తెచ్చి వేసుకున్నాను" అన్నది మాత్రం చాలామంది తమంతట చెప్పరు. కోప్పడరని నమ్మకం కలిగాకే చెబుతారు. మీ జిల్లాలో వినిపించే మాటలు ఇంకా ఏమున్నాయో ఆశా కార్యకర్తనో, వార్డు ఆయమ్మనో పిలిచి అడగండి. పిల్లలు ఆ రోజు రాసుకున్నంత శ్రద్ధగా నా స్లైడ్లు ఎప్పుడూ రాసుకోలేదు.

ఇంకొకటి. చిన్న వయసామె వస్తే మన నోట వెంటనే "నువ్వు" వస్తుంది, మొదటి ప్రశ్న "పెళ్ళయిందా?" అవుతుంది. రెండూ మాన్పించండి. "మీరు" అనాలి, మొదటి ప్రశ్న "ఆఖరిసారి నెలసరి ఎప్పుడు వచ్చింది?" కావాలి.

4. సమ్మతి రోల్ ప్లే

నా దృష్టిలో మొత్తం శిక్షణకు గుండెకాయ ఇదే. ఒక కుర్చీలో "పేషెంట్", ఎదురుగా విద్యార్థి, పక్కన ఇద్దరు గమనించేవాళ్ళు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. నేను వాడే నాలుగు పాత్రలు:

- 28 ఏళ్ళు, ముగ్గురు పిల్లలు, ఎనిమిది వారాలు. అత్తగారు బయట కూర్చున్నారు, ఆమెకు తెలియకూడదు.
- 21 ఏళ్ళు, డిగ్రీ విద్యార్థిని, ఏడు వారాలు. ఒంటరిగా వచ్చింది. ఆధార్ కార్డు తేలేదు.
- 16 ఏళ్ళు, పిన్నితో వచ్చింది.
- 25 ఏళ్ళు, భర్త తీయించమంటున్నాడు. ఆమె తల వంచుకుని అన్నింటికీ "సరే" అంటోంది.

రెండో కేసులో విద్యార్థి ఆధార్ కోసం పట్టుబడితే ఆపి, "ఏ సెక్షన్‌లో ఉంది?" అని అడగండి. చట్టం ఎక్కడా అడగలేదు. మూడో కేసులో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. కానీ ఆ అమ్మాయి, గార్డియన్ కోరితే ఆమె పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని 2022 తీర్పులోనే ఉంది. రిపోర్టు అయ్యేదాకా చికిత్స ఆపడం తప్పు. నాలుగో కేసు అన్నింటికంటే కష్టం. ఆమెను ఒంటరిగా మాట్లాడించకుండా ఫారం సీ ముందుకు తోస్తే ఆ విద్యార్థి ఫెయిలే. ఆమెకు ఇష్టం లేదని తేలితే అక్కడ సరైన సమాధానం అబార్షన్ చెయ్యకపోవడం.

పిల్లలకు మొదటి వాక్యం దొరక్క టెన్షన్ పడతారు. ఇది ఇవ్వండి: "కూర్చోండమ్మా. మనం మాట్లాడేది ఈ గది దాటదు. ఈ గర్భం విషయంలో మీరేం అనుకుంటున్నారో చెప్పండి." ఆ తర్వాత నోరు మూసుకుని పది సెకన్లు ఆగమనండి. ఆ పది సెకన్లు ఆగడం నేర్పడమే అన్నిటికంటే కష్టం.

గమనించేవాళ్ళ చేతిలో చెక్‌లిస్టు ఉండాలి: ఒంటరిగా మాట్లాడారా, కొనసాగించడం సహా అన్ని దారులూ చెప్పారా, పద్ధతులు రెండూ వివరించారా, ప్రమాద లక్షణాలు చెప్పారా, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగారా, చివర్లోనే సంతకం తీసుకున్నారా. ఆమె చదవలేకపోతే ఫారం చదివి వినిపించాలి.

గర్భనిరోధం గురించి మాట్లాడాలి, కానీ షరతుగా కాదు. "ఆపరేషన్ చేయించుకుంటేనే చేస్తాం" అన్న మాట రోల్ ప్లేలో వినిపిస్తే అక్కడికక్కడే ఆపండి. అబార్షన్ తర్వాత రెండు వారాల లోపే అండం విడుదల కావచ్చన్నది ఆమెకు తెలియాలి. నిర్ణయం ఆమెది.

5. ఫారాలు నింపించండి

అదే కేసులకు ఫారాలు నింపమనండి. చాలా తప్పులు ఇక్కడే బయటపడతాయి. గర్భం తొలగించిన మూడు గంటల లోపు ఫారం 1లో ధ్రువీకరించాలి. ఫారం సీ, అభిప్రాయ ఫారం కవరులో పెట్టి సీల్ చేసి, పైన "రహస్యం" అన్న గుర్తు, రిజిస్టర్ వరస నంబరు వెయ్యాలి. ఆమె పేరు అడ్మిషన్ రిజిస్టర్‌లో తప్ప కేస్ షీట్‌లో గానీ థియేటర్ రిజిస్టర్‌లో గానీ ఉండకూడదు, ఆ వరస నంబరే ఉండాలి. రిజిస్టర్‌ను ఐదేళ్ళు దాచాలి. ఈ నియమాలు చెప్పాక పిల్లల్ని ఓటీ లిస్టు అంటించే బోర్డు దగ్గరకు తీసుకెళ్ళండి. అక్కడ పేరు పక్కన "ఎంటీపీ" అని రాసి ఉంటే, ఆ పాఠం వాళ్ళు మరిచిపోరు. వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

6. బొప్పాయి మీద ఎంవీఏ

గర్భవతులు బొప్పాయి తినకూడదని ఇంట్లో విని పెరిగిన పిల్లలు కాయను చూసి మొదట నవ్వుతారు. నవ్వనివ్వండి, గదిలో బిగువు తగ్గుతుంది. ఆ కాయ ఆకారం, లోపలి ఖాళీ, గింజలు తొలి నెలల గర్భసంచిని తలపిస్తాయి. చాలా దేశాల్లో ఇలాగే నేర్పుతున్నారు.

కాయ ఎంపిక ముఖ్యం. దోరగా, గట్టిగా ఉండాలి. బాగా పండితే వల్సెల్లం పట్టగానే చిరుగుతుంది, పచ్చిదైతే గింజలు రావు. మార్కెట్‌లోని రెడ్ లేడీ రకం కాయలు పెద్దవి, వాటిలో చిన్నవి ఏరండి. ముందురోజు ఒకటి కోసి చూసుకోండి.

1) ఒకరు కాయను బల్ల అంచున రెండు చేతులతో పట్టుకోవాలి, తొడిమ కొస ఇంకొకరి వైపు ఉండాలి. ఆ కొసే సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం). తొడిమ తీసేసి చిన్న రంధ్రం కనిపించేలా చెయ్యండి.

2) ముందు సిరంజి పరీక్ష. బటన్లు మూసి, ప్లంజర్‌ను, దానికున్న రెండు చేతుల్లాంటి ముక్కలు బయటికి వచ్చి తట్టుకునేదాకా లాగాలి. రెండు మూడు నిమిషాలు ఆగి బటన్లు వదిలితే గాలి దూసుకెళ్ళే శబ్దం రావాలి. రాకపోతే ఓ-రింగ్, వాల్వు చూడాలి. వాక్యూమ్ నిలవని సిరంజితో మొదలుపెట్టడం చాలామంది చేసే తప్పు.

3) వల్సెల్లంతో పట్టి, పారాసర్వైకల్ బ్లాక్ (సర్విక్స్ పక్కన ఇచ్చే మత్తు ఇంజెక్షన్) ఎక్కడిస్తారో నీళ్ళ సిరంజితో చూపించాలి. సూది గుచ్చాక మందు తోసేముందు వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూడాలి. బొప్పాయికి నొప్పి లేదు కాబట్టి పిల్లలు ఈ మెట్టు దాటేస్తారు. దాటనివ్వకండి. నొప్పి తగ్గించకుండా ఈ పని చెయ్యకూడదని నోటితో చెప్పించండి.

4) డైలేటర్ వేలికొసలతో పట్టి మెల్లగా తొయ్యాలి, పిడికిలితో కాదు.

5) కాన్యులా లోపలికి పెట్టి, సిరంజి తగిలించి, బటన్లు వదిలి, తిప్పుతూ ముందుకూ వెనక్కీ కదపాలి. అసలు పేషెంట్‌లో కాన్యులా సైజు సుమారుగా వారాల సంఖ్యకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ గింజలు వస్తాయి కాబట్టి పెద్ద సైజు వాడండి.

6) గింజలు అడ్డం పడి కాన్యులా మూసుకుపోతుంది. ఇది మనకు వరం. అప్పుడు ఏం చేస్తారో చూడండి. కాన్యులా లోపల ఉండగా ప్లంజర్‌ను ముందుకు తోస్తే పెద్ద ప్రమాదం. బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ వాక్యూమ్ చేసుకోవాలి.

7) అయ్యాక కాయను నిలువుగా కోయండి. గింజలెన్ని మిగిలాయో, అవతలి గోడకు గాటు పడిందో కనిపిస్తుంది. కాన్యులా కొస అవతల బయటికి వచ్చినవాళ్ళకు, పర్ఫొరేషన్ (గర్భసంచి గోడకు రంధ్రం పడటం) ఎంత తేలిగ్గా జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

బొప్పాయి నేర్పలేనివీ ఉన్నాయి. గర్భసంచి ముందుకో వెనక్కో వంగి ఉండటం తెలీదు. పని పూర్తయిందన్న గుర్తులు ఉండవు: ఎర్రటి నురగ, గరుకు స్పర్శ, గర్భసంచి కాన్యులాను బిగించి పట్టుకోవడం. వీటిని నోటితో చెప్పాలి. తీసిన టిష్యూను నీళ్ళలో వేసి, కింద వెలుతురు పెట్టి విల్లై (గర్భం తాలూకు నూలుపోగుల్లాంటి టిష్యూ) కోసం వెతకాలని, అవి కనిపించకపోతే ఎక్టోపిక్ (గర్భసంచి బయట నిలిచిన గర్భం) గుర్తుకు రావాలని కూడా చెప్పాలి. పాత అలవాటుగా క్యూరెట్ (గర్భసంచి లోపల గీకే పరికరం) చేతికిస్తే పక్కన పెట్టించండి. పదునైన క్యూరెట్‌తో డీ అండ్ సీ వద్దని డబ్ల్యూహెచ్‌ఓ స్పష్టంగా చెప్పింది.

పరికరాలు దొరక్కపోతే బ్యాచ్ మొత్తానికి ఒక్క సెట్‌తో మీరు ఒకసారి చేసి చూపించి, మిగతా సమయమంతా సిరంజి విప్పి బిగించే పని చేయించండి.

7. మాత్రల పద్ధతి

రేపు పీహెచ్‌సీకి వెళ్ళే మీ విద్యార్థులకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. తొమ్మిది వారాల వరకు మాత్రలతో చెయ్యడానికి ఎంబీబీఎస్ డాక్టర్‌కు ఓబీజీ (ప్రసూతి, గైనిక్) విభాగంలో మూడు నెలల అనుభవం గానీ, గుర్తింపు ఉన్నచోట పర్యవేక్షణలో పది కేసులు స్వయంగా చేసిన అనుభవం గానీ ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. మన పోస్టింగ్‌తో ఆ అర్హత రాదని కూడా చెప్పండి.

200 మి.గ్రా. మిఫెప్రిస్టోన్, 36–48 గంటలకు మిసోప్రోస్టాల్. మిసోప్రోస్టాల్ మోతాదు, ఇచ్చే దారి వారాలను బట్టి మారతాయి కాబట్టి బట్టీ పట్టించకండి, మార్గదర్శకం తెరిచి చూసి రాయడం అలవాటు చెయ్యండి. బట్టీ పట్టాల్సింది ప్రమాద లక్షణాలు: గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడవడం, తగ్గని జ్వరం, దుర్వాసన, మాత్రలకు తగ్గని నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, మిసోప్రోస్టాల్ తర్వాత రక్తస్రావమే కాకపోవడం. ఆఖరిది విన్నప్పుడు ఎక్టోపిక్ అన్న మాట వాళ్ళ నోటి నుంచి రావాలి.

8. నేర్చుకున్నారో లేదో చూడండి

ఓఎస్‌సీఈ (స్టేషన్ల వారీగా చేసి చూపించే పరీక్ష) నాలుగు స్టేషన్లు చాలు: సమ్మతి, తప్పులున్న ఫారం సరిచెయ్యడం, ఎంవీఏ సిరంజి సిద్ధం చెయ్యడం, రాత్రి రక్తం పోతోందని ఫోన్ చేసిన ఆమెతో మాట్లాడటం. ఈ మూడింటిలో ఏది చేసినా మిగతా మార్కులతో పనిలేకుండా మళ్ళీ రావాల్సిందే: భర్త సంతకం అడగడం, బయట కూర్చున్నవాళ్ళకు విషయం చెప్పడం, గర్భనిరోధాన్ని షరతు పెట్టడం.

ఒక్క గంటే ఇచ్చారా? చట్టం పేజీ ముందురోజు వాట్సాప్‌లో పంపి, ఆ గంట మొత్తం రోల్ ప్లేకే పెట్టండి. లెక్చర్ మాత్రం వద్దు.

అసలు పరీక్ష హౌస్ సర్జన్సీలో ఉంటుంది. మీ బ్యాచ్ ఓపీలో కూర్చున్న రోజు, తెర వెనక కాసేపు కూర్చుని వినండి. "మీతో ఎవరొచ్చారు?" అని అడిగితే, తర్వాతి ప్రశ్న కోసం ఆగండి. "వాళ్ళను పిలవండి, సంతకం పెట్టాలి" అన్నారా, "ఇంటికి వెళ్ళేటప్పుడు తోడు ఉంటారా?" అన్నారా అన్నది రాసుకోండి. మొదటిది వినిపిస్తే, వచ్చే బ్యాచ్‌కు నాలుగో మెట్టు, అంటే సమ్మతి రోల్ ప్లే, ఇంకో గంట పెంచండి.